ఎదుట ఉన్న కొండ, చేతిలో ఉన్న కట్టుతీగ

సంపాదకుల వారికి నమస్కారం.

మీ జిల్లా పేజీల్లో పిల్లల చిత్రలేఖన పోటీల ఫొటోలు తరచుగా వస్తుంటాయి. సంతోషమే. అయితే ఆ బొమ్మల్ని ఒకసారి తేరిపార చూడండి. రెండు త్రికోణపు కొండలు, నడుమ సగం సూర్యుడు, అక్కడినుంచి మెలికలు తిరుగుతూ దిగే నది, కుడిపక్క గుడిసె, ఆకాశంలో 3 అంకెను పడుకోబెట్టినట్టు నాలుగు కాకులు. శ్రీకాకుళం పిల్లలు గీసినా ఇదే బొమ్మ, బరంపురం పిల్లలు గీసినా ఇదే బొమ్మ. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కొరాపుట్, జయపురం వంటి, తలెత్తితే కొండ కనబడే ఊళ్లలో పుట్టి పెరిగిన పిల్లలు కూడా పుస్తకంలోని కొండనే గీస్తున్నారు. పెద్దవాళ్ల ప్రదర్శనల్లో మరో జాడ్యం ముదురుతోంది. ఫోనులో తీసుకొచ్చిన ఫొటోను ముందు పెట్టుకుని ఇంట్లో కూర్చుని ప్రకృతి దృశ్యం వేస్తున్నారు.

ఈ రెంటికీ మాకు తెలిసిన విరుగుడు ఆరుబయట కూర్చుని రంగులు వేయడం, దానికి తోడు తీగతో బొమ్మ కట్టడం. ఈ రెండూ వేరువేరు విద్యలని చాలామంది అనుకుంటారు. కానీ తీగ పట్టని చేయి కొండ గీతను సాగదీస్తుంది. కొండ ముందు కూర్చోని చేయి తీగను ఊరికే చుట్టబెడుతుంది. ఏ కొలతతో ఏం చేయాలో, ఎక్కడ చెడుతుందో, ఎందుకు చెడుతుందో కింద రాస్తున్నాం. నిడివి ఎక్కువైనా కొలతల్ని మాత్రం కత్తిరించకుండా వేయగలరు. అవి లేకపోతే ఈ ఉత్తరం ఎవరికీ పనికిరాదు.

ముందు మన కొండల సంగతి. తూర్పు కనుమలు వయసు మళ్లిన కొండలు, హిమాలయాల మాదిరి మొనదేలి ఉండవు. కొరాపుట్, రాయగడ వైపు కొన్ని కొండల పేర్ల చివర 'మాలి' అని వస్తుంది: దేవమాలి, పంచపట్‌మాలి, బాఫ్లిమాలి. బాక్సైటు ఉన్న కొండలు నెత్తిన బల్లపరుపుగా సాగి, అంచు దగ్గర ఒక్కసారి విరిగి, కిందికి వచ్చేకొద్దీ వాలు తగ్గుతూ పొలాల్లో కలిసిపోతాయి. అడుగున ఉన్న రాయి పేరు ఖోండలైటు. ఇక్కడి ఖోండు గిరిజనుల పేరే ఆ రాతికి పెట్టారు. తరతరాల వానకూ ఎండకూ ఆ రాయి పైపొర శిథిలమై, కరిగేవన్నీ కొట్టుకుపోయి, మిగిలినది గట్టి పెంకులా కట్టుకుంది. పెంకు నిలిచినచోట బల్లపరుపు, పెంకు విరిగినచోట నిట్టనిలువు వాలు. 1,672 మీటర్లతో ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన దేవమాలి సైతం త్రికోణం కాదు, పొడుగాటి గట్టు. ఈ సంగతి తెలిసిన పిల్లవాడికి కొండ పైగీత ఎక్కడ నిదానంగా పోవాలో, ఎక్కడ విరగాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఫోను ఎందుకు వద్దంటున్నామో లెక్క వేసి చూపిస్తాం. మనం కూర్చున్న చోటికన్నా 500 మీటర్లు ఎత్తైన కొండ 10 కిలోమీటర్ల దూరంలో ఉందనుకోండి. కంటికి అది దాదాపు 3 డిగ్రీల ఎత్తున కనిపిస్తుంది. ఫోను లెన్సు నిలువునా 50 డిగ్రీలకు పైగా లోపలికి లాక్కుంటుంది. అంటే ఫొటో ఎత్తులో ఆ కొండకు దక్కేది పదిహేడో పద్దెనిమిదో వంతు. ఎదురుగా చూస్తే ఊరంతా కమ్ముకున్నట్టున్న కొండ ఫొటోలో చీమల పుట్ట అయిపోయేది ఇందుకే. పైగా ఫోను ఆకాశం వెలుగుకు తగ్గట్టు సర్దుకుంటే చెట్ల నీడలు నల్లటి మసి అవుతాయి, నీడలకు సర్దుకుంటే ఆకాశం తెల్లకాగితం అవుతుంది. ఆ మసినే నీడ అనుకుని నలుపు ట్యూబు పిండేవాళ్లు ఎందరో. కొండ నీడలో నలుపు ఉండదు. అక్కడ ఆకాశపు నీలం, చెట్ల పచ్చ, ఎర్రమట్టి నుంచి తిరిగి కొట్టే వెచ్చదనం కలిసి ఉంటాయి. కంటికే తెలిసే సంగతి అది.

ఫోను బదులు ఒక అట్టముక్క చాలు. పాత పెళ్లి శుభలేఖ అట్టలో 7.5 సెంటీమీటర్ల అడ్డం, 5.5 సెంటీమీటర్ల నిలువు ఉన్న కిటికీ కోయండి. నీటిరంగుల కాగితం ఫుల్ షీటు 22 అంగుళాలకు 30. దాన్ని నాలుగు చేస్తే 11కు 15. ఈ కిటికీ సరిగ్గా ఆ నిష్పత్తిలోదే. చేయి చాచి, కంటికి 60 సెంటీమీటర్ల దూరాన పట్టుకుంటే పైన చెప్పిన కొండ అందులో 3 సెంటీమీటర్లు వస్తుంది, అంటే కిటికీ ఎత్తులో సగానికి పైగా. చూసినప్పుడు మనసుకు తట్టిన కొండ అదే. అట్టను కదుపుతూ పైన ఆకాశం ఎంత, కింద పొలం ఎంత ఉంచాలో తేల్చుకున్నాకే పెన్సిల్ ముట్టుకోవాలి. తేల్చుకోవడానికి పది నిమిషాలు పట్టినా నష్టం లేదు.

ఎక్కడ కూర్చుంటామన్నది మరో ముఖ్యమైన విషయం. నేలమీద కూర్చుంటే వరిమళ్ల గట్లన్నీ ఒకదానిమీద ఒకటి పడి సన్నటి చారల్లా కుదించుకుపోతాయి. అదే గట్టెక్కి నిలబడితే మళ్లు చాపల్లా విచ్చుకుంటాయి. ఏది కావాలో ముందే అనుకోండి. మధ్యలో లేచి నిలబడి గీస్తే చూపు రేఖ మారిపోయి, మళ్లు ఒక ఎత్తు నుంచీ కొండలు ఇంకో ఎత్తు నుంచీ చూసినట్టు వస్తాయి. ఆనకట్టల దగ్గర, గనుల దగ్గర అనుమతి లేకుండా కూర్చోకూడదు. గజపతి జిల్లా అడవి అంచుల్లో ఏనుగుల సంచారం గురించి ఊరివాళ్లను అడగకుండా వెళ్లకూడదు. పిల్లల్ని తీసుకెళ్లే మాస్టార్లు ఇది మరవవద్దు.

వేళ విషయానికొస్తే, డిసెంబరులో ఆరున్నర నుంచి తొమ్మిది వరకు, మళ్లీ మూడు నుంచి ఐదు వరకు వెలుగు ఏటవాలుగా పడి కొండ మడతలన్నీ విడివిడిగా కనిపిస్తాయి. నడిమధ్యాహ్నం కొండ చదునైన అట్టలా ఉంటుంది. అప్పుడు దాన్ని పట్టుకోవడం అనుభవజ్ఞులకే కష్టం. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. రెండు గంటల పనిలో సూర్యుడు దాదాపు 30 డిగ్రీలు జరిగేసరికి నీడ దిశా, పొడవూ మారిపోతాయి. అందుకే కూర్చున్న మొదటి పది నిమిషాల్లో నీడల అంచుల్ని పెన్సిల్‌తో గుర్తుపెట్టుకుని, ఆపైన నీడ ఎటు పోయినా ఆ గుర్తునే నమ్మాలి. ఇలా చేయనివారి బొమ్మల్లో చెట్టు నీడ ఒకవైపు, ఇంటి నీడ మరోవైపు పడుతుంది.

కాగితం మీద నేరుగా ఎండ పడకూడదు. ఎండలో తెల్లకాగితం కళ్లు చెదరగొడుతుంది, వేసిన రంగు వెలవెలబోయినట్టు కనబడి ఇంకా ఇంకా వేస్తాం. ఇంటికొచ్చి చూస్తే బొమ్మ చీకటి కొట్టు. గొడుగు తప్పనిసరి. పూలపూల గొడుగులు, ఎర్రవి, నీలివి పనికిరావు. గొడుగు రంగు కాగితం మీద పడి, కలిపిన ప్రతి రంగునూ తప్పుగా చూపిస్తుంది. మన తాతల నల్ల గొడుగే అన్నిటికన్నా మంచిది. గోపాల్‌పూర్ వంటి సముద్రపు ఒడ్డున స్టాండు వాడితే దాని మూడు కాళ్ల నడుమ ఇసుక నింపిన సంచి వేలాడదీయండి. లేకపోతే బొమ్మ, రంగులు, గొడుగు అన్నీ ఒక్క గాలికి లేస్తాయి.

కాగితం 300 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మందం ఉండాలి. స్కూళ్లలో ఇచ్చే పలచటి కార్ట్రిడ్జ్ కాగితం తడవగానే ఉబ్బి అలలు కడుతుంది. రంగు ఆ గుంటల్లోకి దిగి చారలు పడుతుంది. తప్పు పిల్లవాడిది కాదు. మందపు కాగితం కొనలేకపోతే పలచటిదాన్నే రెండువైపులా తడిపి, పది నిమిషాలు నాననిచ్చి, చెక్కబల్ల మీద పరిచి, నాలుగు అంచులకూ తడి అంటించే బ్రౌన్ గమ్ టేపు వేసి రాత్రంతా ఆరనివ్వండి. తెల్లారేసరికి డప్పుచర్మంలా బిగుస్తుంది. పూర్తిగా ఆరాక బయటికి తీసుకెళితే మళ్లీ ఉబ్బదు.

రంగులు ఆరే చాలు: అల్ట్రామరీన్, ప్రష్యన్ బ్లూ, లెమన్ ఎల్లో, ఎల్లో ఆకర్, బర్న్ట్ సియెన్నా, క్రిమ్సన్. నలుపూ వద్దు, ట్యూబులో వచ్చే ఆకుపచ్చా వద్దు. దూరపు సాలవనాలకు అల్ట్రామరీన్‌లో ఎల్లో ఆకర్ కలిపిన మందమైన పచ్చ, నారుమడికి లెమన్ ఎల్లోలో చిటికెడు ప్రష్యన్ బ్లూ. ప్రష్యన్ బ్లూ చాలా ఘాటు రంగు, పసుపులో నీలం కలపాలే తప్ప నీలంలో పసుపు కలపబోతే ట్యూబు ఖాళీ అయిపోతుంది. ముదురు నీడకు అల్ట్రామరీన్, బర్న్ట్ సియెన్నా సమంగా. పోడు మచ్చలు కాల్చకముందు ఎల్లో ఆకర్, కాల్చాక మార్చి, ఏప్రిల్ నెలల్లో ఈ ముదురు మిశ్రమం. కొరాపుట్ వైపు చలికాలం మొదట్లో వలిసె పూలు పూసినప్పుడు పొలం మొత్తం పసుపు కదా అని అంతటా ఒకే పసుపు పూస్తారు. దగ్గరి చేనుకు లెమన్ ఎల్లో చిక్కగా, దూరపు చేనుకు అదే పసుపులో బాగా నీళ్లు, మొన కుంచెతో తగిలించినంత క్రిమ్సన్, నీలం. అప్పుడే పసుపు వెనక్కి జరుగుతుంది.

వెనక్కి జరగడం గురించి ఒక మాట. దూరపు కొండ నీలంగా కనబడడానికి కారణం మధ్యలో ఉన్న గాలి. వెలుగులోని నీలిభాగాన్ని గాలి ఎక్కువగా చెదరగొట్టి మన కంటివైపు పంపుతుంది. ఎంత దూరమైతే అంత గాలి, అంత నీలం, అంత తేలిక. కాబట్టి వేసే వరస ఎప్పుడూ దూరం నుంచి దగ్గరికి, లేత నుంచి ముదురుకి. ముందు ఆకాశం. బొమ్మలో మూడో వంతు ఆకాశమైతే 10 మిల్లీలీటర్ల రంగునీళ్లు ముందే కలిపి పెట్టుకోవాలి. మధ్యలో అయిపోయి మళ్లీ కలిపితే అదే రంగు రాదు, ఈలోగా అంచు ఆరి గీత పడుతుంది. బల్లను 15 డిగ్రీలు వాల్చి, 12వ నంబరు కుంచెతో పైనుంచి కిందికి, ప్రతి వరస చివర నిలిచిన తడిని తర్వాతి వరసతో అందుకుంటూ రావాలి. మే నెలలో తొమ్మిది దాటితే ఆ తడి చేతికి అందకముందే ఆరిపోతుంది. అప్పుడు కాగితం వెనకవైపు తడిగుడ్డతో ఒకసారి ఒత్తి మొదలుపెట్టండి. డిసెంబరు పొద్దున్నే కొరాపుట్‌లో కథ తిరగబడుతుంది: మంచుకు పూత ఎంతసేపటికీ ఆరదు. అందుకే రెండు బల్లలు తీసుకెళ్లి, ఒకటి ఆరేలోగా ఇంకోటి వేసుకోవాలి. విసుగుపుట్టి సగం ఆరిన ఆకాశంలో కుంచె పెట్టినవారికి కాలీఫ్లవర్ లాంటి మరకలు పడతాయి. సగం తడిలోకి కొత్త నీళ్లు దిగి, ఉన్న రంగును బయటికి నెట్టి అంచు కట్టడమే ఆ మరక. అది దిద్దడానికి లొంగదు. పూత నిగనిగలాడుతున్నంతసేపే ముట్టుకోవాలి, నిగారింపు పోతే పూర్తిగా ఆరేదాకా చేయి తీసేయాలి.

కొండ పాదం దగ్గర మంచు తెల్లరంగుతో వేసేది కాదు. కొండరంగు తడిగా ఉండగానే పాదం పొడవునా శుభ్రమైన నీటి కుంచె లాగి వదిలేయండి. రంగు తానే కరిగి కాగితంలో కలిసిపోతుంది. ఆ తర్వాత దగ్గరి చెట్లు మంచులోంచి మొలిచినట్టు వస్తాయి.

ఇక తీగ. దేశదేశాల్లో దీనికి మంచి చరిత్రే ఉంది. అమెరికా శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ 1926 నుంచి పారిస్‌లో తీగతో సర్కస్ బొమ్మలు, మనుషుల ముఖాలు కట్టాడు. మరో అమెరికా శిల్పి రూత్ అసావా 1947లో మెక్సికోలోని తొలుకా అనే ఊళ్లో బుట్టలల్లేవారి దగ్గర తీగ అల్లిక చూసి నేర్చుకుని, దశాబ్దాల పాటు దానితో శిల్పాలు చేసింది. మనకు అంత దూరం పోనక్కర్లేదు. కటక్ తారకసి పనివాళ్లు వెండిని ఉక్కుపలక చిల్లుల్లోంచి లాగి వెంట్రుకంత తీగ తీస్తారు. ఈ కొండల్లోని డోక్రా పనివాళ్లు మట్టిముద్ద మీద మైనపు దారాలు చుట్టి, ఆ దారాల చోటులోకే లోహం పోస్తారు. డోక్రా ఏనుగు మీద కనిపించే ప్రతి గీతా ఒకప్పుడు మైనపు తీగే. పర్లాకిమిడి కొమ్ముపనిలో కొంగ మెడ వంపు చూసినవారికి గీత అంటే ఏమిటో వేరే చెప్పాలా?

ఇనుప సామాను కొట్లో కిలోల లెక్కన దొరికే కట్టుతీగ, అదే బైండింగ్ వైరు, నేర్చుకోవడానికి అన్నిటికన్నా మంచిది. కాల్చి మెత్తబరిచిన ఇనుము కాబట్టి చెప్పినట్టు వింటుంది, వంచినచోట నిలుస్తుంది. 16 గేజి తీగ 1.6 మిల్లీమీటర్ల మందం, కిలోకు దాదాపు 60 మీటర్లు. 18 గేజి 1.2 మిల్లీమీటర్లు, కిలోకు 109 మీటర్లు. 20 గేజి 0.9 మిల్లీమీటర్లు, కిలోకు 190 మీటర్ల పైచిలుకు. 16, 20 గేజిలు చెరో కిలో తెచ్చుకుంటే ముప్పై మంది పిల్లల తరగతికి సరిపోతుంది. జీఐ తీగ, అంటే జింకు పూత వేసిన ఇనుప తీగ, త్వరగా తుప్పు పట్టదు నిజమే, కానీ బిరుసు. వంచితే స్ప్రింగులా వెనక్కి వస్తుంది, కావలసినదానికన్నా ఎక్కువ వంచి వదలాలి. దాన్ని మెత్తబరుద్దామని ఎట్టి పరిస్థితిలోనూ మంటలో పెట్టకండి. పైపూతలోని జింకు పొగై లోపలికి పోతే ఆ రాత్రికి చలిజ్వరం వస్తుంది. మోటారు వైండింగ్ కొట్లలో మిగిలిన రాగి తీగ అందంగా ఉంటుంది. దాని వార్నిషును కాల్చి తీయడం కూడా అంతే హాని, గీకి తీయాలి. చిన్నపిల్లలకైతే 2 మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ ఇవ్వండి, వేళ్లతోనే వంగుతుంది.

పనిముట్లు: కటింగ్ ప్లయర్, నోస్ ప్లయర్, ఒక గుండ్రటి కర్ర, కళ్లద్దాలు. కళ్లద్దాలు ఎందుకంటే కత్తిరించిన తునక తూటాలా ఎగురుతుంది. పొట్టి కొసను ఎడమచేత్తో పట్టుకుని, నేలవైపు తిప్పి కోయాలి. నోస్ ప్లయర్ పళ్లకు గుడ్డటేపు చుట్టండి. పళ్లు తీగమీద గాటు పెడతాయి, తీగ విరిగేది ఎప్పుడూ ఆ గాటు దగ్గరే. ఇంకో కారణం, ఒకేచోట వంచి, సరిచేసి, మళ్లీ వంచడం. ప్రతి వంపుకీ లోహం లోపల బిగుసుకుపోతుంది, కొన్నిసార్లకు పుటుక్కుమంటుంది. గీతను ముందు కాగితం మీద తేల్చుకోమనేది ఇందుకే. తీగ దిద్దుబాట్లను ఓర్చుకోదు. కట్టుతీగ మరీ బిగుసుకుపోతే ఆ భాగాన్ని ఎర్రగా కాల్చి బూడిదలో నిదానంగా చల్లారనిస్తే మళ్లీ మెత్తబడుతుంది.

అడుగు ఎత్తు కొంగ కొలత ఇది. నిజమైన కొంగను చెరువు గట్టున చూసి, పక్కనుంచి కనబడే ఆకారాన్ని పెన్సిల్ ఎత్తకుండా ఒకే గీతలో, కట్టబోయే అడుగు ఎత్తులోనే గీయండి. ఆ గీతమీద నూలుదారం పరిచి కొలిస్తే సుమారు 1.3 మీటర్లు వస్తుంది. వంపులకూ మెలికలకూ మూడో వంతు కలిపి 16 గేజి తీగ 1.75 మీటర్లు కోయండి. ఒక కొస మేకుకు కట్టి రెండో కొసను ప్లయర్‌తో గట్టిగా లాగితే తీగ కొద్దిగా సాగి నిటారవుతుంది. చుట్టలోంచి తీసిన వంకరతోనే మొదలుపెడితే ప్రతి వంపూ దానితో తగువులాడుతుంది.

తీగను మడిచేటప్పుడు ఒక పోగు రెండోదానికన్నా 20 సెంటీమీటర్లు పొడుగుండేలా మడవాలి. ఆ మడతే ముక్కు కొన. ముక్కు పొడవునా రెండు మెలికలు, తల దగ్గర రెండు పోగులూ విడదీసి గింజంత కన్ను, తర్వాత దగ్గర చేసి మెడ వంపు. పొట్టి పోగు రొమ్ము మీదుగా పొట్టకిందికి వచ్చి ఒక కాలవుతుంది. పొడుగు పోగు వీపు మీదుగా తోకదాకా పోయి, పొట్టకిందుగా వెనక్కి వచ్చి రెండో కాలవుతుంది. రెండూ కలిసేచోట 20 గేజి తీగతో ఐదు చుట్లు బిగించాలి. కొసను రెండు మిల్లీమీటర్లు లోపలికి మడిచి నొక్కాలి, లేకపోతే చేతులు గీరుకుంటాయి. మిగిలిన కొసలతో ఒక్కో పాదానికి మూడు వేళ్లు. ఇప్పటికి కొంగ అప్పడంలా పలచగా ఉంటుంది. 20 గేజితో నాలుగు కడియాలు చేసి ఒంటికి తొడిగి, బుట్ట అల్లినట్టు నిలువు పోగులు వేస్తే ఒళ్లు వస్తుంది. 20 గేజి తీగ మొత్తం 6 మీటర్లు మించనివ్వకండి. అందరూ చేసే తప్పు ఇక్కడే: బాగా రావడం లేదనిపించినకొద్దీ ఇంకా ఇంకా చుడతారు, చివరికి కొంగ కొబ్బరిపీచు ఉండ అవుతుంది. తీగ శిల్పంలో సగం పని ఖాళీదే. పూర్తయిన కొంగ 60 గ్రాములకు అటూ ఇటూ తూగాలి. వందకు పోయిందంటే చుట్టడం ఎక్కువైనట్టే.

నిలబెట్టడం చివరి పరీక్ష. మెడ ముందుకు చాచిన కొంగ ముక్కుమీద పడుతుంది, ఎందుకంటే బరువు పాదాల ముందుకు పోయింది. దారానికి నట్టు కట్టి, కొంగ బరువు సమంగా తూగే చోటునుంచి వేలాడదీసి చూస్తే నట్టు రెండు పాదాల నడుమ ఉండాలి. లేకపోతే మెడను కాస్త వెనక్కి లాగాలి, లేదా కాళ్లను ముందుకు జరపాలి. అంగుళంన్నర మందపు చెక్కలో 1.5 మిల్లీమీటర్ల బిట్టుతో రంధ్రం వేస్తే 16 గేజి కాలు బిగువుగా దిగుతుంది, జిగురు అక్కర్లేదు. కట్టుతీగకు మన వానాకాలంలో వారంలో తుప్పు పడుతుంది. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఆరాక పలచగా రెండుసార్లు, రోజు ఎడంతో, రంగులేని వార్నిషు వేయాలి. లేదా చేయి పెట్టలేనంత వేడి చేసి మైనం రుద్దాలి. మాకైతే మైనమే ఇష్టం, ఇనుము నలుపు నలుపుగానే నిలుస్తుంది.

ఇప్పుడు కొండకు మళ్లీ వస్తాం. ఒక అడుగు పొడవు, అరడుగు వెడల్పు చెక్క తీసుకోండి. రెండేసి అంగుళాల ఎడంతో మూడు వరసల్లో మూడు కొండగీతలు నిలబెట్టండి. ముందు కొండకు 14 గేజి, నడిమి కొండకు 18, వెనక కొండకు 22. వెనక తెల్లకాగితం. 22 గేజి తీగ అడుగు పొడవున తనంతట నిలవదు, మధ్యలో రెండుచోట్ల కిందికి దించి కాళ్లుగా మళ్లీ పైకి తేవాలి. రంగన్నదే లేకుండా, తీగ మందంతోనే వెనక కొండ దూరం పోతుంది. ఎదురుగా కూర్చుని తల అటూ ఇటూ కదిపితే ముందు గీత వెనక గీతను ఎక్కడ కప్పుతోందో, ఎక్కడ వదులుతోందో కనిపిస్తుంది. ఒక కొండ మరోదాని వెనక ఉండడం అంటే ఏమిటో పిల్లలకు నోటితో ఎంత చెప్పినా తలకెక్కదు, దీనితో పావుగంటలో ఎక్కుతుంది. ఆ మర్నాడు రంగులు పట్టుకుని బయట కూర్చున్న పిల్లవాడు త్రికోణం గీయడు. చేతులు ఆ వంపును ఒకసారి మోసి ఉన్నాయి.

ఒక హెచ్చరిక కూడా అవసరం. గజపతి, రాయగడ జిల్లాల్లోని సవర ఇళ్ల గోడబొమ్మలు తీగ బొమ్మలకు దగ్గరగా కనబడతాయి. ఎర్రమట్టి గోడమీద తెల్లటి సన్నగీతల మనుషులు, గుర్రాలు, చెట్లు. సులువుగా ఉన్నాయి కదా అని వాటిని చూసి కట్టించడం పోటీల్లో మొదలైంది. అవి అలంకారం కోసం వేసినవి కావు. పూర్వీకులకు, దేవతలకు పూజతో ముడిపడి, ఇంటివారి అవసరాన్నిబట్టి వేసేవి. వాటి గీతను చూసి నేర్చుకోవచ్చు, బొమ్మను ఎత్తుకుపోకూడదు. సవరల నోట విని సవర భాష నేర్చుకున్న గిడుగు రామమూర్తి గారు పనిచేసిన ఊరు పర్లాకిమిడి. మాట ఎలా ఉందో పుస్తకాన్ని కాక జనాన్ని అడగాలన్నారాయన. కొండ ఎలా ఉందో కొండనే అడగమని మేం పిల్లలకు చెప్పడం ఆయన దారిలోదే.

తెలుగువారిలో దామెర్ల రామారావు గారు 28 ఏళ్లు నిండకుండానే 1925లో కన్నుమూసినా, గోదావరి సీమ దృశ్యాలను చూసి వేసిన బొమ్మలు వదిలివెళ్లారు. వంశధార, నాగావళి, మహేంద్రతనయలకు అలాంటి కళ్లు కావాలి. పర్లాకిమిడి 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో, ఆ తర్వాత ఒడిశాలో. సరిహద్దు ఎటు మారినా కొండ మారలేదు. ఒడియా పిల్లలూ తెలుగు పిల్లలూ ఒకే బల్లమీద కూర్చుని గీయగలిగే పని ఇది. తీగకు భాష లేదు.

పోటీల నిర్వాహకులకు మా మనవి: హాలులో కూర్చోబెట్టి 'ప్రకృతి దృశ్యం' అనే అంశం ఇవ్వడం మానండి. పిల్లల్ని నది ఒడ్డుకో పొలం గట్టుకో తీసుకెళ్లి రెండు గంటలు ఇవ్వండి. తీగ విభాగం పెడితే అందరికీ ఒకే కొలత తీగ, 16 గేజి 2 మీటర్లు, 20 గేజి 6 మీటర్లు ఇవ్వండి. మార్కులు చుట్టిన తీగ బరువుకు కాక, నిలబడిన బొమ్మకు, గీత తేటదనానికి వేయండి. నిరుడు ఒక పోటీలో ఫొటోను అచ్చుగుద్దినట్టు దించిన బొమ్మకు మొదటి బహుమతి, ఎదురుగా కూర్చుని తడబడుతూ వేసిన బొమ్మకు ఓదార్పు బహుమతి దక్కాయి. ఆ తడబాటులో కొండ ఉంది. న్యాయనిర్ణేతలు ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి, బయటికి వచ్చి ఒకసారి కొండవైపు చూసి ఉంటే బాగుండేది.

మీకు మనవి చిన్నదే. ఆదివారం పిల్లల పేజీలో బొమ్మ కింద పేరు, తరగతి వేస్తున్నారు. వాటితోపాటు ఎక్కడ కూర్చుని వేశారు, ఏ నెలలో, ఏ పూట, ఎంతసేపు వేశారు అన్నది కూడా ఒక వరస అచ్చువేయండి. తీగ బొమ్మ అయితే ఏ గేజి, ఎన్ని మీటర్లు అన్నది వేయండి. ఆ వరస నింపలేని బొమ్మలను పక్కన పెట్టండి. వచ్చే చలికాలం, వలిసెలు పూసే నాటికి మొదలుపెట్టగలిగితే మా తరగతుల నుంచి బొమ్మలు మేం పంపుతాం.

ఇట్లు,
బొమ్మలు నేర్పే కొందరు ఉపాధ్యాయులు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా